ప్లేట్ గ్రూప్ ఎత్తేయమనేవాళ్ళకు మా జవాబు



రంజీ ట్రోఫీలో కింది అంచె ప్లేట్ గ్రూప్. ఆ మ్యాచ్‌లు మొదలైతే చాలు, ఒకటే మాట: "ఈ ఈశాన్య రాష్ట్రాల టీంలు ఎందుకు? స్టాండర్డ్ పడిపోతుంది." 2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లోనే 300 కొట్టడాన్ని సాక్ష్యంగా చూపిస్తారు. నిజమే, అది ఏకపక్ష మ్యాచే. కాదనం.

కానీ ఆ ఏడాది హైదరాబాద్ ప్లేట్‌లో ఎందుకుంది? అంతకుముందు ఏడాది పై అంచెలో ఓడి కిందికి దిగింది కాబట్టి! ప్లేట్ ఫైనల్లో మేఘాలయను ఓడించి మళ్ళీ పైకెళ్ళింది. పడినవాళ్ళు లేవడానికి ప్లేట్ కావాలి గానీ, ఇప్పుడే నడక నేర్చుకునేవాళ్ళకు వద్దా?

హైదరాబాద్ 1937-38లోనే రంజీ కప్పు కొట్టింది. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మేఘాలయ మొదటి రంజీ మ్యాచ్ ఆడింది 2018లో. అయినా నాగాలాండ్ 2024-25లో ప్లేట్ ఫైనల్ దాకా వచ్చి, ఎలైట్‌కి చేరింది. ప్లేటే లేకపోతే ఏ మెట్టెక్కి వచ్చేది?

"స్టాండర్డ్ పడిపోతుంది" అన్న మాట మనకేం కొత్త కాదు. సీటొచ్చిన రోజు నుంచి వింటూనే ఉన్నాం. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మనం. ఫస్ట్ సెమ్ మార్కులు చూసి ఇంటికి పంపేస్తే మన గతేంటి?

తేడా తగ్గాలంటే గ్రౌండ్లు, కోచ్‌లు ఇమ్మని అడగండి. బయటి ప్రొఫెషనల్స్‌ను తగ్గించి లోకల్ పిల్లల్ని ఆడించమని అడగండి. అంతేగానీ ఆటే ఆపమనకండి.

ఓడినా ఆడతాం. ఆడితేనే కదా గెలుపు నేర్చుకునేది!