బోడిగుండుకీ బోరుబావికీ ముడి

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటారు కదా, ఈ వారం నేను బోడిగుండుకీ బోరుబావికీ ముడిపెడతా. అనంతపురం వాణ్ణి, ఆ మాత్రం హక్కుందనుకోండి.

మా చిన్నాన్న కొడుక్కి 23 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం. కణతల దగ్గర జుట్టు వెనక్కి పోతోంది, నడినెత్తి పలచబడుతోంది. మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటా. ఒకే సిట్టింగ్‌లో 3500 గ్రాఫ్టులు పెడతారంట. ఈఎంఐ కూడా ఉంది. నవంబర్‌లో పెళ్లిచూపులు."

నాకు నవ్వు రాలేదు. గ్రూప్ ఫొటో అనగానే వెనక వరసలోకి జరిగేవాడి బాధ చిన్నదేం కాదు. "మగాడికి జుట్టుతో పనేంట్రా" అని పెద్దలు కొట్టిపారేస్తారు కానీ, సంబంధాల దగ్గర ముందు చూసేది ఆ పెద్దలే.

వాణ్ణి ఒకటే అడిగా. "ఆ 3500 ఎక్కడి నుంచి తెస్తారు?"

"నా తల వెనక నుంచే కదన్నా."

"అక్కడ మొత్తం ఎన్నున్నాయి? ఇవి తీశాక ఎన్ని మిగులుతాయి?"

అవతల కాసేపు మాటే లేదు.

అసలు విషయం అక్కడే ఉంది. ట్రాన్స్‌ప్లాంట్‌తో తలకి కొత్త జుట్టు రాదు. ఉన్న జుట్టే చోటు మారుతుంది. మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకి కారణం డీహెచ్‌టీ అనే హార్మోన్. ముందు, పైన ఉన్న కుదుళ్లు దానికి లొంగి ఏటేటా సన్నబడిపోతాయి. తల వెనక, పక్కల ఉన్నవి చాలావరకు లొంగవు. ఆ కుదుళ్లని తీసి ముందు నాటినా తమ గుణాన్ని వదలవని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఒరెంట్రైక్ 1959లో రాశాడు. ఈ వైద్యమంతా ఆ సూత్రం మీదే నడుస్తోంది. అయితే వెనక తీసిన చోట మళ్లీ కుదురు మొలవదు.

ఇక బోరు సంగతి. మా జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. కింద ఎన్ని నీళ్లున్నాయో చూసుకోకుండా బోరు మీద బోరు వేస్తే ఏమవుతుందో మా ఊళ్లల్లో ప్రతి ఇంటికీ తెలుసు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో అనంతపురంతో పాటు మరో ఆరు జిల్లాల్లో ఒక ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం రాసుకుని, అందరూ కూర్చుని ఏ పంటకి ఎన్ని నీళ్లు పోతాయో బడ్జెట్ వేసుకునేవాళ్లు. ముందు నీళ్ల లెక్క, ఆ తర్వాతే పంట.

తలకీ అదే లెక్క వేద్దాం. చాలామందికి వెనక నుంచి జీవితం మొత్తంలో సేఫ్‌గా తీయగలిగేవి సుమారు 4 వేల నుంచి 6 వేల గ్రాఫ్టులు. బట్టతల పూర్తిగా వస్తే ఖాళీ అయ్యే చోటు దాదాపు 200 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకి 40 చొప్పున నాటినా 8 వేలు కావాలి. అంటే నిండా బట్టతల వచ్చినవాడికి తల నిండా జుట్టు తేవడం లెక్క ప్రకారమే కుదరదు. ఉన్నది ఎక్కడ వాడాలో ఎంచుకోవడమే ప్లానింగ్.

ఇప్పుడు మావాడి సంగతి చూడండి. వాడి దగ్గర 5 వేలు ఉన్నాయనుకుందాం. 23 ఏళ్లకే 3500 పెట్టి, కాలేజీ రోజుల్లోలా నుదుటి మీదకి హెయిర్‌లైన్ దించితే మిగిలేది 1500. బట్టతల మాత్రం ఆపరేషన్ అయిందని ఆగదు. నాటిన వరస అలాగే ఉంటుంది, దాని వెనక సొంత జుట్టు రాలుతూ పోతుంది. 35 ఏళ్లకి గట్టు మీద చెట్లు పచ్చగా, చేను ఎండిపోయి ఉన్నట్టు కనిపిస్తుంది. తిరుపతి క్షవరం అంటే అదే మరి.

అందుకే చాలామంది డాక్టర్లు 25 లోపు పిల్లల్ని కాస్త ఆగమంటారు. బట్టతలని ఏడు దశలుగా చూపే నార్వుడ్ స్కేల్ ఒకటుంది. ఎవరు ఎన్నో దశ దాకా వెళ్తారో 23 ఏళ్లకి చెప్పడం కష్టం. నాన్న తల, తాత తల, మేనమామల తలలు చూస్తే కొంత అంచనా వస్తుంది, అంతే.

మావాడికి నేను చెప్పిన వరస ఇది. ముందు చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరాలొచ్చాక రెండు మూడు నెలలకి రాలే జుట్టు చాలావరకు తిరిగొస్తుంది. నీది అదో కాదో తేల్చుకో. బట్టతలే అయితే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటి మందులున్నాయి. ఇవి ఉన్న జుట్టుని కాపాడే చెక్‌డ్యామ్‌లు. వాడినంత కాలమే పనిచేస్తాయి. ఫినాస్టరైడ్‌తో కొద్దిమందికి లైంగిక సమస్యలు, మనసు బాగోకపోవడం ఉంటాయి కాబట్టి మెడికల్ షాపులో నేరుగా కొనొద్దు. ఏడాది పాటు మూడు నెలలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసుకో. అప్పటికి జుట్టు రాలడం ఆగిందో లేదో నీకే కనబడుతుంది.

నవంబర్ సంగతీ చెప్పా. నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకి మొలకలొస్తాయి. పూర్తి రూపు రావడానికి ఏడాది పడుతుంది. పెళ్లిచూపుల కోసం ఇప్పుడు చేయించుకుంటే అమ్మాయి వాళ్లు చూసేది మధ్యలో ఉన్న తలనే.

అయినా చేయించుకుంటానంటే క్లినిక్‌లో మూడు ప్రశ్నలు అడగమన్నా. నా తల వెనక మొత్తం ఎన్నున్నాయి, ఎన్ని తీస్తారు? పదేళ్ల తర్వాత జుట్టు ఇంకా పోతే ప్లాన్ ఏంటి? కత్తి పట్టేది డాక్టరా, టెక్నీషియనా? ఈ మూడోది తప్పకుండా అడగాలి. వర్క్‌షాపులు, యూట్యూబ్ చూసి నేర్చుకుంటే ఈ పనికి చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే మార్గదర్శకాల్లో చెప్పింది.

వాడు చివర్లో, "ఇవన్నీ ఎందుకన్నా, గుండు కొట్టించుకుంటే పోలా?" అన్నాడు విసుగ్గా. అదీ ఒక దారే, పైగా ఈఎంఐ లేదు. మహా అయితే "తిరుపతి నుంచి ఎప్పుడొచ్చావ్?" అని నాలుగు రోజులు అడుగుతారు. వచ్చే బుధవారం స్కిన్ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. వాళ్ల నాన్న పాతికేళ్లప్పటి ఫొటో కూడా పట్టుకెళ్లమన్నా.