సంతకం రిజిస్టరులో, మనిషి కొక్కెం కింద

క్రేన్ రోపు తెగి మనిషి చచ్చిపోతే మర్నాడు పేపర్లో ‘ప్రమాదవశాత్తు’ అని రాస్తారు. ఏది ప్రమాదం? ఇనప రోపు ఒక్క రోజులో తెగదు. ఒక్కో తీగా పుటుక్కుమంటూ, తుప్పు పడుతూ నెలల తరబడి చెబుతూనే ఉంటుంది. చూడాల్సినవాడు చూడలేదు. చూసినట్టు సంతకం మాత్రం పెట్టాడు. దీన్ని ప్రమాదం అంటే మేం ఒప్పుకోం.

చీమకుర్తి వైపు రాయి కోసే ఫ్యాక్టరీలకు పనికి పోయేది ఎవరు? మా దగ్గర పదో తరగతి దాకా చదివి ఆగిపోయిన మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు. వాళ్ల పక్కన ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన మనలాంటి పేదింటి పిల్లలు. ఒక ఘనమీటరు నల్లరాయి దగ్గర దగ్గర 3 టన్నులు తూగుతుంది. మీట నొక్కేవాడు దూరంగా నిలబడొచ్చు. దిమ్మకు చైను చుట్టేవాడు, ఊగకుండా చెయ్యి ఆనించి నడిపించేవాడు మాత్రం దాన్ని అంటిపెట్టుకునే ఉండాలి. వాడికి హెల్పరని పేరు. చాలాచోట్ల ఆ పేరు కూడా కాంట్రాక్టరు నోట్లోనే గానీ కాగితం మీద ఉండదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 28వ సెక్షన్ ప్రకారం పెట్టెలో మనుషుల్ని, సరుకును ఎక్కించే లిఫ్టును 6 నెలలకోసారి, 29వ సెక్షన్ ప్రకారం క్రేన్లు, చైన్ బ్లాకులు, రోపులు, చైన్లను 12 నెలలకోసారి అర్హత ఉన్న మనిషి క్షుణ్ణంగా పరీక్షించాలి. రిజిస్టరులో ఎక్కించాలి. ఎన్ని టన్నులు ఎత్తొచ్చో కనబడేలా రాయాలి. మంచి మాటలే. కానీ ఆ పరీక్షకు డబ్బులిచ్చేది యజమాని, రిజిస్టరు ఉండేది యజమాని బీరువాలో. మాకు తెలిసిన ఒక షెడ్డులో సర్టిఫికెట్‌కు అద్దం కట్టి గోడకు వేలాడదీశారు. ఆ ఏడాది నిచ్చెన వేసుకుని పైకెక్కిన మనిషిని అక్కడ ఒక్కరూ చూడలేదు! మేం బడిపంతుళ్లం. బడికి రాని పిల్లాడికి హాజరు వేస్తే మమ్మల్ని సస్పెండ్ చేస్తారు. ఎక్కని క్రేనుకు సర్టిఫికెట్ రాసినవాణ్ణి ఏంచేశారు?

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. ఎప్పుడు కూలింది? బరువు మోయగలదా లేదా అని పరీక్ష చేస్తుండగానే. పోయినవాళ్లలో నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, మిగతా ఏడుగురూ కాంట్రాక్టు ఏజెన్సీల మనుషులు. పరీక్ష రోజున అంతమంది దాని మీదా దాని కిందా ఎందుకుండాలి?

2025 నవంబరు 21 నుంచి పాత చట్టం పోయి కొత్త కోడ్ అమల్లోకొచ్చింది. చావుకు పాత చట్టంలో కనీస జరిమానా 25,000 రూపాయలుండేది, గేదె ఖరీదు కూడా కాదు. ఇప్పుడది 5 లక్షలు. అందులో కనీసం సగం చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇమ్మని కోర్టు చెప్పొచ్చు. బాగుంది, ఒప్పుకుందాం. కానీ పాత చట్టంలో కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. అంటే 15 మంది చేసే పాలిషింగు షెడ్డు ఇక ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. లెక్కలోంచి తీసేస్తే నెత్తిన పడే దిమ్మ బరువేమన్నా తగ్గుద్దా?

ఇంజనీరు వచ్చేదాకా మనకేమీ తెలీదనుకోవద్దు. షిఫ్టు ఎక్కే ముందు చూడాల్సినవి చదువు రానివాళ్లూ చూడగలరు. కొక్కెం నోరు విచ్చుకుందా? నోటికి అడ్డంగా ఉండే నాలుక ఊడిపోయిందా? దాన్ని బైండింగ్ వైరుతో కట్టి నడిపిస్తున్నారా? రోపును ఉత్త చేత్తో తడమొద్దు. క్రేన్ ఆపించి, పాత నూలుగుడ్డతో పట్టుకుని జరపండి. గుడ్డ ఎక్కడ పీక్కుంటే అక్కడ తీగలు తెగినట్టే. చైను లింకు సాగిందా, ముడేశారా, మధ్యలో బోల్టు బిగించి అతికారా? ఖాళీ కొక్కేన్ని నిదానంగా పైదాకా పోనిచ్చి చూడమనండి, లిమిట్ స్విచ్చి దానంతటది ఆపాలి. బరువును జానెడు లేపి ఆపమనండి. అక్కడే నిలిస్తే బ్రేకు పట్టినట్టు. జారితే ఆ పూట పని లేదు.

పని లేదంటే కూలి పోద్ది, మేస్త్రీ రేపట్నించి రావద్దంటాడు. మాకు తెలుసు. అందుకే ఒక్కడే అడక్కూడదు. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ, అదే వేళ ఇన్‌స్పెక్టరుకీ చెప్పే హక్కు కొత్త కోడ్ 14వ సెక్షన్‌లో ఉంది. పదిమంది పేర్లతో తెలుగులో అర్జీ రాయండి. రాయటం రాకపోతే మా దగ్గరికి రండి, రాసిపెడతాం. మనం అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. పరీక్ష ఏ తేదీన జరిగింది, ఎవరు చేశారు, రోపు ఎప్పుడు మార్చారు – ఈ మూడూ తెలుగులో పెద్ద అక్షరాలతో గ్యాంట్రీ స్తంభం మీదే రాయాలి. పరీక్షకు వచ్చిన మనిషి చైను చుట్టే హెల్పరును పక్కన పెట్టుకుని చూడాలి.

వచ్చే మీటింగుకు రాబోయే అన్నలూ తమ్ముళ్లూ, మీ షెడ్డు గ్యాంట్రీ మీద ఎన్ని టన్నులని రాసుందో చూసి రండి. ఏమీ రాసి లేకపోతే అదే వచ్చి చెప్పండి.