తాతయ్య నంబరెంత?

మీ ముత్తాత పేరు చెప్పగలరా? సరే, ఆయన తండ్రి పేరు? చాలా ఇళ్లలో ఇక్కడికొచ్చేసరికి మౌనమే. అయినా భూమి ఉన్న కుటుంబానికి ఓ దారి ఉంది. బోధన్ వైపు రైతు తహసీల్ ఆఫీసుకెళ్లి 1954-55 నాటి ఖాస్రా పహాణీ తీయించొచ్చు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే నిజాం నాటి సేత్వార్ ఉంది. ఉర్దూ చదివిపెట్టే పెద్దమనిషి దొరకాలి, అంతే. మరి గుంట భూమి కూడా లేని కూలీ మనవడి మాటేంటి?

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో ఈ తిప్పలు తక్కువ. 1837 నుంచి జనన మరణాలు రిజిస్టరయ్యాయి. 1841 నుంచి పదేళ్లకోసారి జరిగిన జనాభా లెక్కల్లో బొగ్గుగని కూలీ, బట్టలమిల్లులో పనిచేసిన పిల్ల కూడా పేరుతో సహా ఉన్నారు. ఆ కాగితాలు చాలావరకు భద్రం. మన దగ్గరా 1881 నుంచి పదేళ్లకోసారి తలలు లెక్కపెట్టారు. అంకెలు మిగిలాయి, ఇంటింటి కాగితాలు మిగల్లేదు.

విచిత్రమేమిటంటే, అదే కాలంలో సముద్రం దాటి చెరకు నరకడానికి పోయిన తెలుగు కూలీకి మాత్రం కాగితం ఉంది! 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు 1,52,184 మంది వెళ్లారు. సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. వారిలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం.

ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. పక్కనే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు. ప్రేమతో రాసుకున్న వంశవృక్షం కాదది, సరుకు చిట్టా లాంటిది. ఇవాళ డర్బన్‌లోని మునిమనవలకు అదే దిక్కు. ముందు వెతికేది ఆ నంబరునే. నాయనమ్మ పెళ్లి పత్రం మీదో, మరణ పత్రం మీదో అది కనపడిందా, సగం పని అయినట్టే. ఓడ పట్టికలు కంప్యూటర్లకెక్కాయి కూడా. మారిషస్ వెళ్లినవారి రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిలో కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి!

అసలు చిక్కు ఆ తర్వాతే. గుమాస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లిషులో రాసుకున్నాడు. విశాఖపట్నమే 'వైజాగపటం' అయినప్పుడు చిన్న పల్లె గతేంటి? పైగా ఇంటిపేరుకు గడే లేదు. తండ్రి పేరో, నాయుడు, రెడ్డి లాంటి మాటో అక్కడ ఇంటిపేరైపోయింది. సంబంధం మాట్లాడాలంటే ముందు ఇంటిపేరు అడిగే జనం మనం. అంత దూరం నుంచి వచ్చి ఊరు పట్టుకున్నా, అరుగు మీది పెద్దాయన "ఎవరింటివాళ్లయ్యా మీరు?" అంటే ఏం చెబుతారు?

చెరకు మాట వచ్చింది కాబట్టి బోధన్ సంగతీ చూద్దాం. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలయ్యాక ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. నిజాంసాగర్ నీళ్ల కోసం వచ్చిన కోస్తా రైతులు క్యాంపులు కట్టుకున్నారు. రైతుల పేర్లు పహాణీల్లో ఉన్నాయి. మరి చెరకు కొట్టి, మోపులు కట్టి, బండ్లకెత్తినవాళ్ల పేర్లు? ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లలో ఓ పీఎఫ్ చిట్టీయో, గుర్తింపు కార్డో ట్రంకుపెట్టె అడుగున ఉండొచ్చు. ఈసారి ఇల్లు సర్దేటప్పుడు పాత కాగితాలవాడికి తూకం వేసేముందు ఒక్కసారి తిరగేయండి. ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆమె పుట్టినూరు, పుట్టింటివాళ్ల ఇంటిపేరు అడిగి నోటుబుక్కులో రాయండి. కింద తేదీ వేయడం మరవకండి.