జీపు ఎక్కేముందు

పెదబయలు కొండ ఊళ్ల నుంచి పాడేరు మీదుగా మైదానానికి దిగే ఘాట్‌రోడ్డులో ప్రతి మలుపూ టైరుకు పరీక్షే. సభలకు జీపులు కట్టించుకుని వెళ్లే మనం బయల్దేరేముందు ప్రార్థన చేస్తాం. చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి చూస్తున్నామా?

మిద్దె కట్టేవాడు చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, లేకుంటే పడినవాడి రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందనీ ద్వితీయోపదేశకాండం 22:8లో దేవుడు ఆజ్ఞాపించాడు. అరిగిన టైరు పిట్టగోడ లేని మిద్దె. జీపు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది మోటారు వాహనాల నిబంధన. పక్కల పగుళ్లు, ఉబ్బు ఉన్నాయేమో, చక్రాల నట్లు వదులయ్యాయేమో చూడాలి. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. డ్రైవరు విశ్వాసి అయినంత మాత్రాన అరిగిన గాడులు తిరిగి రావు!

టైరు మార్చేదాకా బండి కదలకూడదని సంఘ పెద్దలే చెప్పాలి. సభకు ఆలస్యమైతే రెండు పాటలు తప్పిపోతాయి, అంతేగా.