నోటిపూత - ‘వేడి’ అని కొట్టివేయరాదు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు చెప్పినది మాటతీరును గురించి. వైద్యుని దృష్టిలో ఆ సామెతకు మరొక అర్థం కూడా ఉన్నది. ఆహారం శరీరంలోనికి ప్రవేశించే ద్వారం నోరు. ఆ ద్వారం పుండుపడితే అన్నం సహించదు, నిద్ర పట్టదు, మనిషి చిక్కిపోతాడు. ఇంతటి బాధను మన ఇళ్ళలో ఒకే మాటతో తేల్చివేస్తున్నాము - “వేడి చేసింది” అని. ఆ మాటపైనే నా అభ్యంతరం.

సుశ్రుతాచార్యుడు ముఖరోగాలను 65గా లెక్కించాడు. పెదవులకు 8, చిగుళ్ళకు 15, దంతాలకు 8, నాలుకకు 5, అంగిలికి 9, కంఠానికి 17, నోరంతటా వ్యాపించేవి 3. ఈ చివరి మూడే సర్వసర రోగాలు. మనం నోటిపూత అనే ముఖపాకం ఈ కోవకు చెందినదే. వాతం ప్రధానమైతే సూదులతో పొడిచినట్లు నొప్పి ఉంటుంది. పిత్తం ప్రధానమైతే ఎరుపు లేక పసుపు ఛాయగల పలుచని పొక్కులు, తీవ్రమైన మంట ఉంటాయి. కఫం ప్రధానమైతే నొప్పి స్వల్పం, దురద అధికం. అనగా ‘వేడి’ అనే నిర్ణయం ఈ మూడింటిలో ఒకదానికే సరిపోతుంది.

కారణాలను విచారించకుండా చికిత్స చేయడం, చీకటిలో రాయి విసరడం వంటిది. రాత్రి జాగరణ, మలబద్ధకం, మనోవ్యథ, అతికారం, అతిపులుపు చాలామందిలో కనిపించే కారణాలు. మొనదేలిన పన్ను ఒకే చోట మాటిమాటికీ గీచుకొని పుండు చేయవచ్చు. అక్కడ కషాయం కాదు, దంతవైద్యుడు కావలెను. తాంబూలంలో సున్నం మితిమీరినా నోరు పొక్కుతుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 లోపించినవారికి పూత మళ్ళీమళ్ళీ వస్తుంది. పెదవుల మూలలు పగలడం తరచు బి2 లోపానికి గుర్తు. మధుమేహం అదుపులో లేనివారిలోను, ఆయాసానికి పీల్చే మందులు వాడేవారిలోను తెల్లని పొర కట్టే పూత వస్తుంది. అది శిలీంధ్రం వలన కలిగేది. పీల్చే మందు వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మివేస్తే దానిని చాలవరకు నివారించవచ్చు.

సాధారణమైన పూతకు ఇంటి చికిత్స చాలును. ఒక చెంచాడు త్రిఫల చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగులునట్లు మరిగించి వడకట్టవలెను. గోరువెచ్చగా ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగు మార్లు పుక్కిలించవలెను. తుమ్మబెరడు కషాయం కూడా ఇట్లే వాడవచ్చు. నోట ద్రవాన్ని కదల్చుటకు చోటుంచి పుక్కిలించడం కవళం. కదల్చుటకు వీలులేనంతగా నింపి పట్టి ఉంచడం గండూషం. నాలుగైదు లేత జాజి ఆకులను నమిలి, ఆ రసాన్ని నోటిలో కొంతసేపు ఉంచి ఉమ్మివేయడం ప్రాచీనులు చెప్పిన సులభోపాయం. మంట అధికమైతే అతిమధురం చూర్ణాన్ని ఆవునేతితో కలిపి పుండుపై పూయవలెను. మజ్జిగ అన్నం, పెసరకట్టు, బీరకాయ, సొరకాయ పథ్యం. ఊరగాయలు, వేపుళ్ళు, పొగలుగ్రక్కే కాఫీ అపథ్యం.

ఇక్కడ తల్లులకు ఒక హెచ్చరిక. పసిపిల్లల నోటిపూతకు వెలిగారాన్ని తేనెతో కలిపి రాసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది. ఇది మానవలెను. వెలిగారం పసివారి కడుపులోనికి పోతే విషమవుతుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం కూడా ప్రమాదమే. పెద్దలు చేశారన్నంత మాత్రాన ప్రతిదీ శాస్త్రం కాదు.

ఈ మాట అనుటకు నాకు గల అర్హత నా పొరపాటే. సుమారు ముప్పై ఏళ్ళ క్రితం ఉత్తరాంధ్ర తీరగ్రామం నుండి ఒక వృద్ధురాలు నా వద్దకు వచ్చినది. అంగిలిపై పుండు. ఆమెకు అడ్డపొగ అలవాటు. అనగా చుట్ట నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచి పీల్చడం. నేను త్రిఫల కషాయం, ఖదిరాది గుళికలు ఇచ్చాను. పది రోజులకు వచ్చి, “మంట తగ్గినాది బాబూ” అన్నది. ఆమె సంతోషించినది, నేనూ సంతోషించాను. అవే మందులు రెండు నెలలు సాగించాను. పుండు అంచులు గట్టిపడిన పిమ్మట గాని పెద్దాసుపత్రికి పంపలేదు. అప్పటికి కాన్సర్ ముదిరినది. ఆమె మరి తిరిగి రాలేదు.

అంగిలి రోగాలు తొమ్మిదింటిలో సుశ్రుతుడు అర్బుదాన్ని కూడా చేర్చాడు. గురుకులంలో ఆ తొమ్మిది పేర్లూ కంఠస్థం చేసినవాడను నేను. అయినా నొప్పి తగ్గుటను వ్యాధి తగ్గుటగా భ్రమించాను. వగరు ద్రవ్యాలు మంటను శమింపజేస్తాయి. అంతమాత్రాన లోపలి వ్యాధి శమించినట్లు కాదు.

అప్పటినుండి నా వైద్యశాలలో ఒక నియమం పెట్టుకున్నాను. మూడు వారాలకు మానని నోటిపుండుకు నేను మరొక కషాయం వ్రాయను. ముక్క తీసి పరీక్షించే ఆసుపత్రికి పంపుతాను. చెరగని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నొప్పి లేని గట్టి పుండు, మెడలో గడ్డ, నోరు తెరవడం క్రమంగా తగ్గిపోవడం - వీటిలో ఏది కనిపించినా అంతవరకు ఆగను. నొప్పి లేదని ఊరట చెందరాదు; ఈ వ్యాధికి తొలిదశలో నొప్పి ఉండకపోవడమే పెద్ద మోసం.

పొగాకు ఏ రూపంలోనైనా నోటికి శత్రువే: చుట్ట, ఖైనీ, జర్దా, గుట్కా. వక్కపొడిని నిరపాయమని భావించేవారున్నారు. పొగాకు కలవని వక్క కూడా కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించిన నివేదికలో నిర్ధారించినది. నోరు తెరుచుకోకుండా బిగుసుకొనిపోయే వ్యాధికి వక్క నమలడమే ముఖ్యకారణం.

ఇట్లు వ్రాస్తే ఆయుర్వేదంపై నమ్మకం సడలుతుందని కొందరు తోటి వైద్యులు నన్ను మందలించారు. నా అభిప్రాయం వేరు. సాధ్యాసాధ్యాలు ఎరిగి చికిత్సకు పూనుకొమ్మనే మన శాస్త్రం ఆదేశించినది. తన హద్దు తెలిసిన వైద్యం వలన శాస్త్రానికి గౌరవమే పెరుగుతుంది.

కనుక ఈ పత్రిక చదివే గృహిణులకు నా మనవి. నెలకొకమారు పగటి వెలుతురులో అద్దం ముందు నిలిచి మీ నోరు మీరే చూసుకొనండి. పెదవుల లోపల, బుగ్గలు, నాలుక క్రింద, అంగిలి. ఇంట్లో చుట్ట కాల్చే తాతగారు, వక్క నమిలే మామ్మగారు ఉంటే వారి నోరు కూడా చూడండి. ఈసారి ఎవరైనా “వేడి చేసిందిలే” అన్నప్పుడు, “ఎన్ని రోజులైంది?” అని అడగండి.