కరువు సీమలో తుప్పు ఎక్కడిది?

"మనది వానలు తక్కువైన సీమ. ఇక్కడ ఇనుముకు తుప్పేమిటి సార్?" అని మా ఓర్వకల్లు పిల్లలు అడుగుతుంటారు.

వానాకాలం తరువాత ఏ వడ్రంగి ఇంటి పంచలోకైనా వెళ్లి చూడండి. రంపపు మిషను బల్ల మీద ఎర్రని మచ్చలు కనిపిస్తాయి. చినుకు పడని చోట అవి ఎలా వచ్చాయి?

తుప్పు పట్టడానికి వానే అక్కరలేదు. నీరు, ఆక్సిజన్ ఉంటే చాలు. ఆ నీరు గాలిలోనే ఆవిరి రూపంలో ఉంది. రాత్రి చల్లబడిన పోత ఇనుప బల్ల తెల్లవారాక త్వరగా వేడెక్కదు. తేమగాలి దానికి తగిలితే, చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు చెమట పట్టినట్లే, పలుచని నీటిపొర ఏర్పడుతుంది. రంపపు పొట్టు ఆ తేమను పీల్చి ఇనుమును అంటిపెట్టుకొని ఉంటుంది. అది తుమ్మ పొట్టయితే అందులోని టానిన్ తడి ఇనుముతో కలిసి నల్లని మరక చేస్తుంది. పూర్వం సిరా తయారీకి వాడిన రసాయనచర్య ఇదే! మన చేతి చెమటలోని ఉప్పు తుప్పును మరింత వేగిరపరుస్తుంది.

అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలా కాదు. అది పొరలు పొరలుగా రాలి, లోపలి ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. గుంటలు పడిన బల్ల మీద చెక్క నున్నగా జరగదు, కోత సరిగా రాదు. అప్పు తెచ్చి మిషను కొన్నవాడికి ఇది కూటికి సంబంధించిన విషయం.

2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. అటువంటి ఆపదను ఒక్కరం ఆపలేం. కాని ఏటా చడీచప్పుడు లేకుండా జరిగే ఈ నష్టాన్ని ఆపడం మన చేతిలోనే ఉంది.

పని ముగియగానే పెద్దలు కరెంటు తీసివేసి, పొట్టును పొడి బ్రష్షుతో ఊడ్చాలి. బల్లకు కొవ్వొత్తి మైనం రుద్ది, పొడిబట్టతో తుడవాలి. ఉలులకు, చిత్రిక బ్లేడుకు మిషను ఆయిలు పలుచగా పూయాలి. వంటింటి వేరుసెనగ నూనె వద్దు. అది రోజులు గడిచేకొద్దీ జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే తేమ లోపలే చిక్కుతుంది. గాలి ఆడే నూలుబట్ట మేలు.

మేకులతో తుప్పు ప్రయోగం చేసి, మార్కులు తెచ్చుకొని మరచిపోతున్నాం. ఇందులో మా ఉపాధ్యాయుల తప్పూ ఉంది. నా అభిప్రాయంలో ఆ పాఠం పూర్తి కావలసింది వడ్రంగి పంచలోనే. మీ ఊరి ఆచారిగారు నూనెగుడ్డను ఎందుకు దగ్గర పెట్టుకుంటారో అడగండి. ఆయన అనుభవం మీరు వినండి, మీరు చదివిన కారణం ఆయనకు చెప్పండి. ఈ ఆదివారమే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక కొవ్వొత్తి ముక్క తీసుకువెళ్లడం మరువకండి.