పదివేలు దాటితే నేరం కాదు, ముక్కలు చేస్తేనే నేరం

అమెరికాలో నగదు ఎంతవరకు ఇవ్వొచ్చు, ఎంతవరకు పుచ్చుకోవచ్చు? గ్యాస్ స్టేషన్లు, ఇండియన్ గ్రోసరీలు, రెస్టారెంట్లు నడిపే మనవాళ్ల మధ్య తరచూ వచ్చే ప్రశ్న ఇది. ‘పదివేల డాలర్లు దాటితే పట్టుకుంటారట’ అన్న మాట ఆ నోటా ఈ నోటా తిరుగుతూనే ఉంటుంది. ఈ మాట నమ్మి కోరి కష్టం కొనితెచ్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి అసలు విషయం చూద్దాం.

మన భయానికి ఒక కారణం ఇండియా అలవాటు. అక్కడ 2017 ఏప్రిల్ 1 నుంచి ఒక వ్యక్తి దగ్గర ఒకే రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ 2 లక్షల రూపాయలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడానికే వీల్లేదు. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ఊళ్లో స్థలం అమ్ముకునే ఎన్నారైలకూ మినహాయింపు లేదు. అంటే అక్కడ గీత దాటడమే తప్పు.

అమెరికా ఫెడరల్ చట్టం అలా కాదు. 40 వేల డాలర్లు నగదు ఇచ్చి కారు కొన్నా నేరం కాదు. కాకపోతే 10 వేలు మించితే ప్రభుత్వానికి తెలియాలి, అంతే. 1970 నాటి బ్యాంక్ సీక్రసీ చట్టం కింద బ్యాంకే ఆ రిపోర్టు పంపుతుంది. మనం గుర్తింపు కార్డు చూపి, అడిగిన వివరాలు చెబితే చాలు. కార్ల డీలరు, నగల షాపు వంటి వ్యాపారులైతే 15 రోజుల్లో ఫారం 8300 దాఖలు చేయాలి. ఒకే కొనుగోలుకు వాయిదాలుగా వచ్చిన నగదునూ కలిపి లెక్కించాల్సిందే. విమానంలో 10 వేలకు మించి తెచ్చినా, తీసుకెళ్లినా కస్టమ్స్‌కు చెప్పాలి. భార్యాభర్తలు చెరి సగం పెట్టుకుని తప్పించుకుందామంటే కుదరదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రిపోర్టు వెళ్తుందన్న భయంతో ఇవాళ 9 వేలు, ఎల్లుండి 9,500 అంటూ ముక్కలు చేసి వేస్తారు. దీన్నే ‘స్ట్రక్చరింగ్’ అంటారు. డబ్బు న్యాయంగా సంపాదించినదైనా, పన్ను కట్టినదైనా సరే, రిపోర్టు తప్పించాలన్న ఉద్దేశం రుజువైతే అయిదేళ్ల వరకు జైలు. అది నేరమని తెలియదంటే చెల్లదు. తెలిసి చేశారని రుజువు కావాలని 1994లో రాట్జ్‌లాఫ్ కేసులో సుప్రీంకోర్టు చెబితే, అదే ఏడాది కాంగ్రెస్ చట్టం మార్చేసింది. ఇక క్రిమినల్ కేసు నమోదైతే పౌరసత్వ దరఖాస్తులోనూ దానికి జవాబు చెప్పుకోవాల్సిందే.

2013లో అయోవాలో ఓ చిన్న రెస్టారెంటు యజమానురాలి ఖాతా నుంచి దాదాపు 33 వేల డాలర్లు ఐఆర్ఎస్ స్వాధీనం చేసుకుంది. ఆమెపై క్రిమినల్ కేసే లేదు. చిన్న మొత్తాలుగా జమ చేయడమే కారణం. పత్రికల్లో గొడవయ్యాక 2014 చివర్లో కేసు వదులుకున్నారు. 2019 చట్టంతో పరిస్థితి కొంత మెరుగైంది. డబ్బు అక్రమార్జన అయితేనో, మరో నేరాన్ని కప్పిపుచ్చడానికి ముక్కలు చేస్తేనో తప్ప స్ట్రక్చరింగ్ పేరిట ఐఆర్ఎస్ స్వాధీనం చేసుకోకూడదు. అయితే క్రిమినల్ నేరం మాత్రం అలాగే ఉంది.

ఇందులో ప్రభుత్వం ఆలోచించాల్సిందీ ఉంది. 1970ల్లో పెట్టిన 10 వేల గీత అర్ధ శతాబ్దంగా కదల్లేదు. నాటి పదివేలు నేటి 70 వేలకు పైమాటే. ధరలతోపాటు గీత పెరక్కపోతే పెద్ద దొంగల కోసం వేసిన వలలో చిల్లర దుకాణాలే పడతాయి. పైగా 2026 జనవరి నుంచి నగదు కట్టి విదేశాలకు పంపే డబ్బుపై 1 శాతం పన్ను వచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది లేదు. నగదు దారి నానాటికీ ఇరుకవుతోందన్నమాట.

మరి మనం చేయాల్సిందేమిటి? అమ్మకం ఎంతొస్తే అంత, ఎప్పటిదప్పుడు బ్యాంకులో వేయాలి. క్యాష్ రిజిస్టర్ లెక్కలు, రసీదులు దాచుకోవాలి. ‘ఎంతలోపు వేస్తే రిపోర్టు ఉండదు?’ అని కౌంటరు దగ్గర ఆరా తీయకూడదు. రిపోర్టు వెళ్లినంత మాత్రాన మనల్ని అనుమానించినట్టు కాదు. లెక్క సరిగ్గా ఉన్నవాడికి ఆ కాగితం అడ్డు కాదు, అండ.